నూట ఎనిమిది తాటిచెట్ల ఎత్తు

బూదిగుండ్లపల్లి బాణం ఎంత ఎత్తు పోతుందని ఎవరినడిగినా ఒకటే మాట చెప్పేవారు: నూట ఎనిమిది తాటిచెట్ల ఎత్తు. ఆ లెక్క హొన్నూరప్ప తండ్రి చెప్పింది. ఆయన చెట్టు మీద చెట్టు పెట్టి చూసినవాడు కాదు. చూపించమని అడిగినవాడూ లేడు. దేవుడి నామాలు నూట ఎనిమిది కదా, దేవుడి బాణం అంతకు తక్కువ ఎందుకు పోతుందని ఊరు ఒప్పుకుంది. ముప్పై ఏళ్ళు తండ్రి, పదహారేళ్ళు కొడుకు అదే మాట చెప్పుకుంటూ వచ్చారు.

బాణం అంటే దీపావళికి సీసాలో పెట్టి వదిలే జువ్వ కాదు. మూరెడు బొంగు వెదురులో మందు కూరి, బయట నారతాడు బిగించి చుట్టి, రెండు నిలువుల సన్న వెదురు తోక కట్టి, తల దగ్గర పసుపు గుడ్డ ముడేస్తారు. ఏటా మృగశిర కార్తెకు ముందు వచ్చే శనివారం గుట్ట రంగస్వామి పల్లకి ఎక్కి పినాకిని ఏటి ఇసుకలోకి దిగుతాడు. ఆ తిరునాళ్ళనే పరస అంటారు. ఐదూళ్ళవాళ్ళు తలా ఒక బాణం తెస్తారు. పొద్దు వాలే వేళ, వెలుతురు ఉండగానే వదలాలి. ఎవరి పసుపు గుడ్డ కంటికి ఆనకుండా పోతే వాళ్ళు గెలిచినట్టు. గెలిచిన ఊరికి పల్లకి మొదటి భుజం. అంతకు మించిన బహుమానం లేదు, ఎవరూ అడగలేదు కూడా. పైకి పోయే బాణం వానకు కబురని అందరి నమ్మకం.

హొన్నూరప్పకు నాలుగెకరాల మెట్ట ఉంది. వేరుశనగ తప్ప ఇంకేమీ పండని ఎర్ర నేల. బాణం కట్టే తొమ్మిది దినాలూ ఒంటిపూట భోజనం చేస్తాడు, కాళ్ళకు చెప్పులు తొడగడు, మందు నూరేటప్పుడు నోట స్వామి పేరు తప్ప ఇంకో మాట రాదు. మూడేళ్ళుగా పల్లకి మొదటి భుజం బూదిగుండ్లపల్లిదే. ఆ మూడేళ్ళూ వాన మాత్రం రాలేదు. వేసిన విత్తనం వేసినట్టే మాడిపోయింది. కబురు అందలేదా, లేక అందినా స్వామి జవాబు చెప్పలేదా అని హొన్నూరప్ప ఒక్కోసారి ఏటి గట్టున కూర్చుని ఆలోచించేవాడు. అలా ఆలోచించడం తప్పేమోనని వెంటనే లెంపలు వేసుకునేవాడు.

అది ఎనభై ఆరో సంవత్సరం. భూమి లోపల నీళ్ళు ఎక్కడున్నాయో ఆకాశం నుంచే చూసి చెప్పే చిన్న విమానం ఒకటి కన్నడ రాష్ట్రంలోని పావగడ తాలూకాకు వచ్చింది. పొద్దున, సాయంత్రం గుట్టల మీదుగా గీత గీసినట్టు పోయి, మళ్ళీ గీత గీసినట్టు తిరిగొచ్చేది. దాన్ని చూసి ముసలివాళ్ళు దండం పెట్టారు. నీళ్ళు వెదికేది ఎవరైతేనేం, దండం పెట్టదగినదే కదా.

ఆ విమానంతో పాటే ఒక కొత్త కట్టడి వచ్చింది. గ్రామ లెక్కలు చూసే లింగప్ప ఒక కాగితం పట్టుకుని బడి వరండాలో కూర్చుని, ఐదూళ్ళ బాణం కట్టేవాళ్ళనూ పిలిపించాడు.

"ఈ నెల ఆకాశంలోకి ఏం వదలాలన్నా పర్మిషన్ కావాలంట. ఇదో, అర్జీ. ఎవురి బాణం ఎంత ఎత్తు పోతాదో రాయాల," అన్నాడు.

"నూటెనిమిది తాటిచెట్లు," అన్నాడు హొన్నూరప్ప.

"చెట్లు రాస్తే ఒప్పరప్పా. అడుగులు కావాల."

"చెట్టుకు అరవై వేసుకో."

లింగప్ప కాగితం అంచున గుణించి చూశాడు. "ఆరువేల నాలుగు వందల ఎనబై."

అంత పెద్ద సంఖ్య వినేసరికి హొన్నూరప్పకు ఒళ్ళు ఝల్లుమంది. తన బాణం అంతటిదని అంతవరకూ అతనికే తెలియదు.

చింతలకుంట గుండప్ప గోడకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. హొన్నూరప్ప చిన్నాయన కూతుర్ని చేసుకున్నవాడు, వరసకు బావ. మూడేళ్ళుగా రెండో స్థానం అతనిదే. బీడీ పారేసి ముందుకొచ్చాడు. "మాది నూట పదహారు రాయప్పా."

"ఏం బావా, మూడేండ్లుగా మా తోక పట్టుకోని ఉండి, ఇప్పుడు ఎనిమిది చెట్లు యాడ మొలిచినాయి?"

"బాణంలో ఓడితే ఓడినాను. అర్జీలో గూడా ఓడాలని యాడన్నా రాసుండాదా?"

అందరూ నవ్వారు. మిగిలిన మూడూళ్ళవాళ్ళూ తగ్గలేదు. "నూటొకటికి తక్కువ రాస్తే మా ఆడోళ్ళు ఇంట్లోకి రానీరు," అన్నాడు వాళ్ళలో ఒకడైన మారన్న.

లింగప్ప కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "చూడండప్పా, ఇది ప్రమాణం చేసి రాసే కాగితం. కింద దేవుని సాక్షిగా అని ఉండాది."

"రాయి లింగప్పా, దేవునికి తెలీందా ఏంది," అని హొన్నూరప్పే మొదటి సంతకం పెట్టాడు.

పరసకు ఇంకా పదునాలుగు దినాలుండగా జవాబు వచ్చింది. లింగప్ప దాన్ని కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చదివాడు. వెయ్యి అడుగుల ఎత్తులో విమానం తిరుగుతున్నది. ఏడువేల అడుగుల దాకా పోయే ఐదు బాణాలకు అనుమతి ఇవ్వడం కుదరదు. ఐదు వందల అడుగులు దాటే ఏ వస్తువునూ వదలరాదు. దాటితే కేసు.

నలభై ఆరేళ్ళుగా, కరువులోనూ కలరాలోనూ తప్పని బాణం. వాన లేక నేల నోరు తెరిచిన ఈ ఏడే తప్పుతుందంటే, ఆ తప్పు ఎవరి నెత్తిన పడుతుంది? మొదటి సంతకం ఎవరిదో అందరికీ తెలుసు. ఎవరూ హొన్నూరప్ప వైపు చూడలేదు. వాళ్ళు చూడకపోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

మరునాడు పొద్దున బస్సుకు హొన్నూరప్ప పావగడకు బయలుదేరాడు. చూస్తే బస్సులో గుండప్ప ముందే కూర్చుని ఉన్నాడు.

"నువ్వెందుకు బావా?"

"నీకు కేసు పడితే చూడాలని," అన్నాడు గుండప్ప. పక్కకు జరిగి చోటిస్తూ, "నాది నీకంటే ఎనిమిది చెట్లు ఎక్కువ కదప్పా. నాకే ముందు బేడీలేస్తారు," అన్నాడు.

తాలూకా ఆఫీసులో తహశీల్దారు పక్కన విమానం తాలూకు ఇంజినీరు కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళ మనిషి, ఎండకు మొహం కమిలి ఉంది. అర్జీ చూసి నవ్వలేదు. ఎంతో మర్యాదగా కన్నడంలో అడిగాడు: "ఏడువేల అడుగులా? లోపల ఏ మందు వాడతారు?"

"మా నాయన నేర్పిందే సామీ. సూరేకారం, గంధకం, బొగ్గు."

తహశీల్దారు కలం కింద పెట్టాడు. "చూడండి. ఇది నిజమైతే అనుమతి లేదు. అబద్ధమైతే, దేవుడి సాక్షిగా అని ఎందుకు సంతకం పెట్టారు? ఏదో ఒకటి చెప్పండి."

నూట ఎనిమిది అబద్ధమని హొన్నూరప్ప ఏనాడూ అనుకోలేదు. నిజమని కూడా ఏనాడూ చూసుకోలేదు. ఆ రెంటికీ నడుమ ఇంత చోటుందని ఆ గదిలోనే మొదటిసారి తెలిసింది.

గుండప్ప చేతులు జోడించాడు. "సామీ, మా నోళ్ళు ఏడువేల అడుగులు పోతాయి. బాణాలు యాడిదాకా పోతాయో మాకూ తెలీదు."

ఇంజినీరు అప్పుడు నవ్వాడు. "అయితే కొలుద్దాం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా విమానం దిగి ఉంటుంది. అప్పుడు వదిలి చూడండి. ఐదు వందల లోపే ఉంటే అనుమతి ఇవ్వమని నేనే రాస్తాను. అసలు మీ పండుగే మధ్యాహ్నం పెట్టుకుంటే ఈ గొడవే లేదు కదా?"

"ఆ పొద్దులో ఇసక మింద స్వామిని నిలబెట్టేదెట్ల సామీ? పల్లకి మోసేవోళ్ళు ఉత్త కాళ్ళతో ఉంటారు. తోలు ఊడొస్తాది," అన్నాడు హొన్నూరప్ప. ఆ మాట మాత్రం తడబడకుండా వచ్చింది.

కొలిచే పని బడి అయివారు చిన్నరంగప్ప నెత్తికెత్తుకున్నాడు. ఒక పలక మీద కోణాల గీతలు గీసి, మూలన మేకు కొట్టి, దారం కట్టి, దారానికి రాయి వేలాడదీశాడు. బాణం వదిలే చోటి నుంచి తాడుతో సరిగ్గా ఐదు వందల అడుగులు కొలిచి, అక్కడ నిలబడ్డాడు.

"పలక అంచు బాణానికి గురిపెడతా. దారం ఈ నడిమి గీత మింద పడితే బాణం ఎత్తు కూడా ఐదు వందలే. గీత దాటితే ఎత్తూ దాటినట్టు. అంతే, ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు," అని ఊరందరికీ చెప్పాడు.

మిట్టమధ్యాహ్నం హొన్నూరప్ప ఒత్తికి నిప్పు పెట్టాడు. బాణం బుసకొట్టి లేచింది. ఎప్పటిలాగే సూటిగా, తెల్లటి పొగ దారం వదులుతూ పోయింది. పసుపు గుడ్డ చుక్కయి, చుక్క కూడా కనబడకుండా మాయమైంది. జనం "గోవిందా" అని అరిచారు. హొన్నూరప్ప ఛాతీ పొంగింది. అయివారు పొగ కొసకు పలక గురిపెట్టి, నేల మీద కూర్చుని లెక్క కట్టి, మళ్ళీ కట్టి, మూడోసారి కూడా కట్టి లేచాడు.

"ఆరు వందల నలబై అడుగులు."

"ఆరువేలా?" అన్నారు ఎవరో.

"వేలు కాదప్పా. వందలు."

అంటే పది తాటిచెట్లు, మీదొక చిన్న చెట్టు. జనంలో ముందు ఒకరు కిసుక్కుమన్నారు, తర్వాత పదిమంది. గుండప్ప మాత్రం నవ్వలేదు. తన బాణం వదిలి చూస్తే ఐదు వందల తొంభై వచ్చింది. అప్పుడు కూడా నవ్వలేదు.

నూట ఎనిమిది పోయింది, సరే. కానీ ఆరు వందల నలభై కూడా ఐదు వందలు దాటినట్టే. హొన్నూరప్ప తండ్రి గొప్పకు ఆ బాణం తక్కువైంది, సర్కారు గీతకు ఎక్కువైంది. పరసకు పదకొండు దినాలే మిగిలాయి.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని అన్నం వద్దన్నాడు. భార్య సుబ్బక్క చెంబుతో నీళ్ళు పెట్టింది.

"దేవుని సాక్షిగా అబద్ధం రాసిస్తినే," అన్నాడు.

"మామ నూటెనిమిదని దేవునికి చెప్పినాడా, ఊరికి చెప్పినాడా?"

"ఊరికే చెప్పినాడు."

"మరి ఆ దేవుడు ఏ పొద్దన్నా మీ బాణం ఎత్తెంతని అడిగినాడా? అడగనోడికి కోపమెందుకొస్తాది? కాగితమడిగింది తాసిల్దారు. ఆయప్పకు పోయి నిజం చెప్పు. నీళ్ళు తాగు."

హొన్నూరప్ప నీళ్ళు తాగాడు. నిజం చెప్పడం సులువే. బాణాన్ని ఐదు వందల దగ్గర నిలపడం ఎలాగన్నదే తెలియలేదు.

మరునాడు మందు కొంచెం తగ్గించి కూరాడు. తండ్రి ఎప్పుడో అన్నాడు, మందు తగ్గితే బాణానికి బుద్ధి తగ్గుతుందని. అన్నట్టే అయింది. బాణం రెండు నిలువులు లేచి, తల వాల్చి, తాగినవాడిలా ఊగి, లెక్క రాసుకోవడానికి వచ్చిన లింగప్ప వెంట పడింది. లింగప్ప కాగితాలు వదిలేసి ఇసుకలో పరుగెత్తాడు.

"నా పెండ్లిలో గూడా ఇంత ఉరకలేదప్పా!" అన్నాడు ఆయాసపడుతూ. అందరూ నవ్వినా హొన్నూరప్పకు నవ్వు రాలేదు. ఇలాంటి బాణం పరసలో జనం మీద పడితే? ఎత్తు తగ్గాలి, నడక మాత్రం చెడకూడదు. ఎలా?

ఊళ్ళో బావులన్నీ ఎండిపోయాయి. ఆడవాళ్ళు మైలు దూరంలో ఉన్న బోరింగు నుంచి నీళ్ళు మోసుకొచ్చేవారు. ఆ సాయంత్రం సుబ్బక్క నెత్తిన రెండు బిందెలు పెట్టుకుని గట్టు మీద వస్తున్నది. ఎదురుపోయిన హొన్నూరప్ప, "బిరబిరా రా, పొద్దుపోతా ఉంది," అన్నాడు.

"నెత్తిన బిందెలుంటే ఉరికేది యాడిది? ఉరకనూ లేను, వంకరా నడవలేను. నువ్వు మోస్తే తెలుస్తాది," అంది సుబ్బక్క, తల కదలకుండా కళ్ళు మాత్రం తిప్పి.

హొన్నూరప్ప గట్టు మీదే నిలబడిపోయాడు. సుబ్బక్క తనను దాటి పోయింది. ఆమె మెడ నిటారుగా ఉంది. అడుగు తర్వాత అడుగు ఒకే గీత మీద పడుతున్నది. బరువు నెత్తిన ఉంది కాబట్టే తూలడం లేదు, బరువు ఉంది కాబట్టే పరుగు లేదు.

"సుబ్బీ!" అని వెనక నుంచి కేకేశాడు.

"బిందె దించనీ, తర్వాత అరుచుకో."

మందు తగ్గించనక్కరలేదు. బాణం నెత్తిన బరువు పెడితే చాలు. ఏం పెట్టాలన్నది రాత్రి అన్నం దగ్గర తేలింది. రాళ్ళు పెడితే కిందపడి తలలు పగులుతాయి. ఇసుక పెడితే కళ్ళల్లో పడుతుంది. సుబ్బక్క మూలనున్న విత్తనాల గోనె వైపు చూసింది.

"శెనక్కాయలు పెట్టు. పడినా ఎవురికీ దెబ్బ తగలదు. పడిన తావున ఏరుకోవచ్చు."

"విత్తనాలే! అవి పోతే వేసేదానికి ఏముండాది?"

"ఒక్క మన ఇంట్లోవే ఎందుకు? ఇంటికొక పిడికెడు అడుగు."

అడిగాడు. ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. అది కరువు మూడో ఏడు. విత్తనం అంటే ఇంట్లో బంగారం కంటే ఎక్కువ, తినడానికి చెయ్యి రాదు, అమ్మడానికి మనసు రాదు. అయినా ఎవరూ లేదనలేదు. ఒంటరి ముసలిది ముత్తక్క చూపు సరిగా ఆనని కళ్ళతో సంచి తడిమి, మంచి కాయలు చూసి చూసి పిడికెడు తీసింది.

"ఇదో నాయనా. నాది గూడా పైకి పోనీ. మూడేండ్లాయె ఇవి మొలిచి. ఆయప్పకు దగ్గరగా చూపించు. దూరం నుంచి ఆయప్పకూ నా మాదిరే కానరాలేదేమో."

ఆ మాట విన్నాక హొన్నూరప్పకు బాణం పని వేరేగా కనబడింది. ఇంతకాలం ఎంత దూరం పోయిందా అని చూశాడు. ఏం మోసుకుపోయిందని ఎవరూ చూడలేదు. ఉత్త పసుపు గుడ్డను ఎంత పైకి పంపితే మాత్రం ఆయనకు ఏం అర్థమవుతుంది?

సన్నబట్ట సంచిలో కాయలు పోసి బాణం తలకు కట్టాడు. మందు పూర్తిగా కాలేసరికి నిప్పు సంచి మూతి దారానికి తగిలేలా పెట్టాడు. దారం తెగితే సంచి విచ్చుకుంటుంది. మొదటి దినం అరసేరు పెడితే ఐదు వందల నలభై. అది గీతకు ఆవల. మూడో దినం ముప్పావు సేరు పెట్టాడు. బాణం నిదానంగా, నీళ్ళ బిందె మోసే మనిషిలా సూటిగా లేచి, ఆగి, కాయలు కుమ్మరించింది. అయివారు పలక ఎత్తి అందరికీ చూపించాడు. దారం గీతకు ఈవల ఉంది. నాలుగు వందల ఎనభై.

హొన్నూరప్ప మొదట గుడికి పోయి, తర్వాత పావగడకు పోయాడు. తహశీల్దారు ముందు నిలబడి, "మొదటి అర్జీలో రాసింది మా గొప్పకు రాసుకున్నది సామీ. తప్పు నాదే. ఇది కొలిచి రాసింది," అని రెండో కాగితం ఇచ్చాడు. ఇంజినీరు దాన్ని చదివి, ఒక షరతు పెట్టాడు. పరసనాడు తానే వచ్చి కొలుస్తాడు. ఐదింటిలో ఏ ఒక్కటి ఐదు వందలు దాటినా మిగిలినవి ఆపేయాలి.

అంటే తన బాణం ఒక్కటి నిలిస్తే చాలదు. అన్నీ నిలవాలి. తిరుగు బస్సులో హొన్నూరప్ప ఆ సంగతే ఆలోచించాడు. బాణం కట్టే కిటుకు పక్క ఊరివాడికి చెప్పడం వాళ్ళ ఇంట్లో ఇంతవరకూ లేదు. తండ్రి అయితే తమ్ముడికి కూడా చెప్పలేదు. దేవుడి పనిలో దాపరికం ఎందుకుండాలో ఎప్పుడైనా అడిగుంటే ఆయన ఏం చెప్పేవాడో? అడగలేదు, ఇప్పుడడిగే దారీ లేదు. హొన్నూరప్ప ఊళ్ళో దిగకుండా నేరుగా చింతలకుంట స్టాపులో దిగాడు.

గుండప్ప విన్నాడు. సంచి కట్టే తీరు చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"నాకెందుకు చెప్తివప్పా? నేను ఎగస్ట్రా మందు కూరి, ఎగస్ట్రా కాయలు పోసి నిన్ను ఓడిస్తే?"

"ఓడించు బావా. నీకు మాత్రం ఎప్పుడొస్తాది ఆ భాగ్యం?"

"అట్లంటావా?" అని గుండప్ప పంచె ఎగగట్టాడు. "ఏయ్, ఇంట్లో ఎవురప్పా, ఇంటింటికీ పోయి శెనక్కాయలు అడగండి!"

శనివారం పొద్దు వాలేసరికి ఏటి ఇసుక జనంతో నిండిపోయింది. ఐదు బాణాలు చూడ్డానికి ఎప్పుడూ వచ్చే జనం వేరు. ఈసారి పాతిక ఊళ్ళవాళ్ళు వచ్చారు, బాణాన్ని నిలుపుతారంట చూద్దామని. ఇంజినీరు మూడుకాళ్ళ దూరదర్శిని పెట్టుకుని ఐదు వందల అడుగుల దగ్గర నిలబడ్డాడు. పక్కన అయివారు తన పలకతో నిలబడ్డాడు, ఎందుకైనా మంచిదని. దూరంగా గుట్ట మీద విమానం ఒక గీత పూర్తిచేసి తిరుగుతున్నది.

పోయినేడు గెలిచినవాళ్ళది మొదటి వంతు. హొన్నూరప్ప పల్లకి ముందు మోకరిల్లి లేచాడు. ఒత్తి అంటించి నాలుగడుగులు వెనక్కి జరిగాడు. బాణం గీత దాటితే తనది ఒక్కటే కాదు, వెనక నాలుగూళ్ళ మొక్కు ఆగిపోతుంది.

బాణం లేచింది. ముప్పావు సేరు విత్తనం నెత్తిన పెట్టుకుని, తొందరపడకుండా, తూలకుండా లేచింది. జనం మెడలు దానితో పాటే లేచాయి. పొగ సన్నబడింది. బాణం ఆగింది. ఒక్క క్షణం అక్కడే నిలబడింది, ఎవరో చేత్తో పట్టుకుని చూస్తున్నట్టు. తర్వాత సంచి విచ్చుకుంది.

"నాలుగు వందల ఎనబై!" అని అయివారు అరిచాడు. ఇంజినీరు దూరదర్శిని నుంచి తలెత్తి, "నాలుగు వందల ఎనభై మూడు," అని సరిదిద్ది, చేయి ఊపాడు. కానివ్వండి అన్నట్టు.

వేరుశనగ కాయలు ఇసుక మీద టపటపా రాలాయి. ఆడవాళ్ళు కొంగులు పట్టారు. ముత్తక్క పక్కవాళ్ళ చేయి పట్టుకుని వచ్చి, వంగి, చేతికి తగిలిన రెండు కాయలు ఏరి కళ్ళకద్దుకుంది. అవి తనవో ఎవరివో ఆమెకు తెలియదు. ఎవరివైనా పైనుంచి వచ్చినవే కదా అని కొంగున ముడేసుకుంది. చూస్తూండగా ప్రతి ఇంటివాళ్ళూ నాలుగేసి కాయలు ఏరుకుని, విత్తనంలో కలుపుకోవడానికి మూటగట్టుకున్నారు.

మారన్నది నాలుగు వందల యాభై, మిగతా రెండూ అటూ ఇటూగా. చివరికి, మందు కూడా పెంచి కూరిన గుండప్ప బాణం నిండు సేరు మోసి, నాలుగు వందల తొంభై దగ్గర నిలిచింది. గీతకు వెంట్రుకవాసి ఈవల. చింతలకుంటవాళ్ళు ఎగిరి గంతులేశారు. పసుపు గుడ్డ లెక్క పోయింది కాబట్టి ఈసారి ఎక్కువ మోసినవాళ్ళకే మొదటి భుజమని పెద్దలు ఐదుగురూ తేల్చారు.

గుండప్ప పల్లకి దండె కింద భుజం పెట్టి, "ఏమప్పా, ఏడుపొస్తా ఉందా?" అని అరిచాడు.

"నా చేత నేర్చుకోని నన్నే గెలిస్తివి. ఏడుపెందుకు బావా, నోరు నొప్పి పుట్టేదాకా చెప్పుకుంటా!" అని హొన్నూరప్ప తిరిగి అరిచాడు. అది నిజమే. ఆ ఏటి ఇసుకలో ఆనాడు ఐదు బాణాలు లేచి, ఐదూ చెప్పిన చోట నిలిచాయి. ఐదూ తన చేతి కిటుకే. మూడేళ్ళు మొదటి భుజం పట్టినప్పుడు కూడా అతనికి ఇంత ఎత్తున నిలబడినట్టు అనిపించలేదు.

ఇంజినీరు దూరదర్శిని మడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. "పైకి పంపడం చాలామందికి వస్తుంది. అనుకున్న చోట నిలపడం మా వాళ్ళకే కష్టం. ఎవరు నేర్పారు మీకు?"

చుట్టూ ఊరంతా ఉంది. హొన్నూరప్ప తలపాగా సరిచేసుకున్నాడు.

"పైకి పంపేది మా నాయన నేర్పినాడు సామీ. నిలిపేది నా పెండ్లాం నేర్పింది."

జనంలో ఆడవాళ్ళ వైపు నుంచి పెద్ద నవ్వు లేచింది. కొంగు నిండా కాయలు పట్టుకున్న సుబ్బక్క మొహం ఎర్రబడింది. అయినా మాట ఊరికే పోనివ్వలేదు.

"ఇంతమంది ముందర ఒప్పుకున్నాడు కదా, రేపట్నుంచి బోరింగు కాడికి ఆయప్పనే పంపుతా," అంది.

"పంపు, పంపు," అని జనం అరుస్తుండగానే పల్లకి లేచింది. హొన్నూరప్ప నవ్వుతూ పరుగెత్తి, గుండప్ప వెనక రెండో భుజం అందుకున్నాడు.